ఒకే మానిటర్, అరడజను పాత కంప్యూటర్లు: స్విచ్ బాక్సు కొనే ముందు

(పాత కంప్యూటర్ల మీద ఇష్టమున్నవాళ్లు హైదరాబాద్‌లో కలిసినప్పుడు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, అక్కడక్కడా కాస్త కుదించాం.)

వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

మనందరి బాధా ఒకటే. ఈ కంప్యూటర్లు చిన్నవి, మానిటర్లు పెద్దవి. కమడోర్ 64 బీరువాలో పుస్తకాల పక్కన పట్టేస్తుంది, అమిగా 500ని మంచం కిందకి తోసేయొచ్చు, కానీ ఒక్కోదానికి ఒక్కో పిక్చర్ ట్యూబ్ మానిటర్ పెడతానంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఊరుకున్నా అంత బరువు ఆపే టేబుల్ దొరకదు. అందుకే అందరికీ ముందుగా తట్టేది ఒకటే: మంచి మానిటర్ ఒకటి ఉంచుకుని, అన్ని మెషీన్ల వైర్లూ ఒక స్విచ్ బాక్సు దగ్గరికి తెచ్చేసి, నాబ్ ఇటు తిప్పితే అమిగా, అటు తిప్పితే డాస్‌తో నడిచే పాత పీసీ. ఆలోచన మంచిదే, పని చేస్తుంది కూడా. కాకపోతే చాలామంది ముందు బాక్సు కొనేసి, దానికి ఏమేం తగిలించాలో తర్వాత చూసుకుంటారు. అది తిరగేయండి అని చెప్పడానికే వచ్చాను.

ఎందుకంటే స్విచ్ బాక్సు దేన్నీ మార్చదు. లోపల ఉన్నది వైర్లు, వాటిని కలిపే ఒక స్విచ్, అంతే. రైల్వేలో పాయింట్లు మార్చినట్టు బండిని ఈ పట్టా మీంచి ఆ పట్టా మీదకి పంపుతుంది తప్ప, మీటర్ గేజ్ బండిని బ్రాడ్ గేజ్ బండిగా చేయలేదు. సిగ్నల్ ఎలా లోపలికి వెళ్లిందో అలాగే బయటికొస్తుంది. కాబట్టి అసలు తేల్చుకోవాల్సింది మీ మెషీన్లు ఏ గేజ్‌వి, మీ మానిటర్ ఏ గేజ్‌ని తీసుకుంటుంది అన్నది.

ఆ గేజ్ ఏంటంటే, మానిటర్ బొమ్మను గీతలు గీతలుగా గీస్తుంది కదా, సెకనుకు ఎన్ని గీతలు అన్న లెక్క. హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ అంటారు. 1980ల హోమ్ కంప్యూటర్లు దాదాపు అన్నీ ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలని తయారైనవి, అందుకని టీవీ లెక్కనే పట్టుకున్నాయి. యూరప్‌లోనూ మన దేశంలోనూ ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, అంటే 15,625. అమెరికా టీవీ లెక్కలో అది 15,734. రెండూ దగ్గరదగ్గరే కాబట్టి మనం అన్నిటినీ కలిపి 15 కిలోహెర్ట్జ్ అనేస్తాం. కమడోర్ 64, ఆపిల్ టూ, బీబీసీ మైక్రో, స్పెక్ట్రమ్, అమిగా, కలర్ మోడ్‌లో ఉన్న అటారి ఎస్‌టీ, ఐబీఎం పీసీలో సీజీఏ అనే రంగుల వీడియో కార్డు, ఇవన్నీ ఆ గుంపే. 1987లో ఐబీఎం పీఎస్ టూ మెషీన్లతో వీజీఏ అనే కొత్త వీడియో పద్ధతి వచ్చింది, దానిది దాదాపు రెట్టింపు, 31.5 కిలోహెర్ట్జ్. ఆ తర్వాత వచ్చిన మామూలు వీజీఏ మానిటర్లలో చాలావాటికి 15 కిలోహెర్ట్జ్ అంటే ఏంటో తెలియదు. అమిగాకి వీజీఏ ప్లగ్గు సోల్డర్ చేసి బాక్సుకి గుచ్చితే పిన్నులన్నీ సరిగ్గా సరిపోతాయి, స్క్రీన్ మీద మాత్రం 'అవుట్ ఆఫ్ రేంజ్' అని వస్తుంది. తప్పు బాక్సుది కాదు, వైరుదీ కాదు.

ఇక్కడ ఇంకో సంగతి, కొంచెం ప్రమాదమైనది. సాకెట్ ఒకటే అయినంత మాత్రాన సిగ్నల్ ఒకటి కాదు. పాత పీసీ వెనక 9 పిన్నుల సాకెట్ ఉంటుంది చూడండి, సీజీఏకీ అదే, ఒకే రంగు చూపించే మోనోక్రోమ్ కార్డుకీ అదే, హెర్క్యులీస్ అనే ఇంకో మోనో కార్డు‌కీ అదే. మన దగ్గర ఎక్స్‌టీ క్లోన్లు వాడినవాళ్లకి ఆకుపచ్చ, పసుపు అక్షరాల మోనో మానిటర్లు గుర్తుండే ఉంటాయి. ఆ మోనో కార్డుది 18.4 కిలోహెర్ట్జ్, సీజీఏది 15.7. ఐబీఎం వాడి 5151 అనే మోనో మానిటర్‌కైతే గీతలు గీసే లయ సొంతంగా లేదు, ప్రతి గీత ఎప్పుడు మొదలవ్వాలో చెబుతూ కార్డు నుంచి వచ్చే సింక్ పల్సుతోనే దాని హై వోల్టేజ్ భాగం నడుస్తుంది. దానికి సీజీఏ సిగ్నల్ ఇచ్చారనుకోండి, బొమ్మ రాకపోవడం అటుంచి, ఎక్కువసేపు అలాగే వదిలేస్తే మానిటరే కాలిపోవచ్చు. ఆఫీసుల్లో అప్పట్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఒకటి పెట్టుకుని రెండు పీసీలు పంచుకోవడానికి ఏ, బీ అని రాసున్న రేకు డబ్బాలు ఉండేవి కదా, వాటిలోనే 9 పిన్నుల రకం కూడా ఉంది. సీజీఏ మెషీన్లు రెండుంటే వాటికి అది చక్కటి బాక్సు, తొమ్మిది పిన్నులూ నేరుగా అటు నుంచి ఇటు వస్తాయి. కానీ ఒక వైపు మోనో, ఒక వైపు సీజీఏ మాత్రం దానికి ఎప్పుడూ తగిలించకండి. డబ్బాకి తేడా తెలియదు.

అన్నట్టు అటారి ఎస్‌టీ ఉన్నవాళ్లు ఎవరైనా? (ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు.) మీకో ముచ్చట చెప్పాలి. ఎస్‌టీ రెండు గుంపుల్లోనూ ఉంటుంది. కలర్ మోడ్‌లో టీవీ లెక్క, మోనో మోడ్‌లో 640 బై 400, సెకనుకు 71 సార్లు, గీతల లెక్క 35.7 కిలోహెర్ట్జ్. ఆ మోనో మోడ్‌ని చాలా వీజీఏ మానిటర్లు మహా ఆనందంగా తీసుకుంటాయి, అక్షరాలు ఎంత ముచ్చటగా ఉంటాయో చూసినవాళ్లకే తెలుసు. అయితే ఏ మోడ్‌లో నడవాలో మీరు చెప్పక్కర్లేదు, మెషీనే కనిపెడుతుంది. వెనకున్న 13 పిన్నుల గుండ్రటి సాకెట్లో నాలుగో పిన్ను గ్రౌండుకి కలిసుంటే మోనో మానిటర్ ఉన్నట్టు, లేకపోతే కలర్ ఉన్నట్టు. మెషీన్ నడుస్తూ ఉండగా ఈ పిన్ను మారిందంటే, ఆపరేటింగ్ సిస్టమ్ అది చూసి, మానిటర్ మార్చేశారు కాబట్టి మళ్లీ మొదట్నుంచి అని రీసెట్ అయిపోతుంది. అంటే మోనో, కలర్ మార్చుకునే బాక్సులో నాబ్ తిప్పడమూ రీసెట్ బటన్ నొక్కడమూ ఒకటే. ఉత్తరం సగం టైప్ చేసి 'ఒకసారి కలర్లో ఎలా ఉంటుందో చూద్దాం' అనుకున్నారో, ఉత్తరం పోయినట్టే. బాక్సు చెడిపోయిందని దాన్ని విప్పేసేవాళ్లు ఉంటారు, అది చెడిపోవడం కాదు, అటారి వాళ్లు అలాగే రాసిపెట్టారు. దీనికి మందు ఏంటంటే, ఆ నాలుగో పిన్నుని మెయిన్ బాక్సులోంచి వెళ్లనివ్వకండి. ఎస్‌టీ వైపు కేబుల్లోనే ఒక చిన్న టాగిల్ స్విచ్ పెట్టి మోనోనా కలరా అన్నది అక్కడే తేల్చేయండి. అప్పుడు మెయిన్ బాక్సు నాబ్ ఎన్నిసార్లు తిప్పినా ఎస్‌టీకి ఏమీ తెలియదు.

పాత మాకింటాష్‌లదీ ఇలాంటి తలనొప్పే. వాటి 15 పిన్నుల సాకెట్లో మూడు పిన్నులు ఏ మానిటర్ ఉందో చూసుకోవడానికే. ఆన్ చేసినప్పుడు అక్కడ ఏమీ కనిపించకపోతే చాలా మోడళ్లు బొమ్మే పంపవు. చిన్న చిన్న స్విచ్‌లుండే అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, దాన్ని మాక్ వెనకే శాశ్వతంగా వదిలేసి, దాని తర్వాతే బాక్సు పెట్టుకోండి. సూత్రం అదే, మెషీన్ అడిగే ప్రశ్నకి జవాబు మెషీన్ దగ్గరే ఉండాలి, బాక్సు అవతల కాదు.

ఇప్పుడు బాక్సు లోపలికి పోదాం. ఇదిగో, మూత విప్పి తెచ్చాను, ముందు వరుసవాళ్లు చూసి వెనక్కి ఇవ్వండి. ఇది నాలుగు దారుల వీజీఏ బాక్సు, మామూలు రకం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ షాపుల్లో ఒకప్పుడు ఎక్కడ చూసినా ఇవే. వెనక నీలం సాకెట్లు ఎంత నీటుగా ఉన్నాయో చూశారుగా, ఇప్పుడు వాటి వెనక చూడండి. సాకెట్ నుంచి రోటరీ స్విచ్ దాకా వెళ్లేవి వెంట్రుకల్లాంటి వైర్లు, షీల్డు లేదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్ల వైర్లు సింక్ వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టేశారు. వీడియో కేబుల్‌కి 75 ఓమ్‌ల లెక్క ఒకటుంటుంది, దారి పొడవునా అది ఒకేలా ఉండాలి. ఇలాంటి చోట అది తప్పితే సిగ్నల్లో కొంత వెనక్కి కొట్టుకుని మళ్లీ వస్తుంది, స్క్రీన్ మీద ప్రతి అక్షరానికీ కుడిపక్కన పలచటి నీడ కనిపిస్తుంది. ఘోస్టింగ్ అంటారు. 320 బై 200లో గేమ్ ఆడితే కనిపించదు, వర్డ్ ప్రాసెసర్ తెరిస్తే కళ్లు నొప్పెడతాయి. నా అభిప్రాయం అడిగితే 15 కిలోహెర్ట్జ్ మెషీన్లకు ఈ చవక బాక్సు చాలు, ఆ సిగ్నల్ నెమ్మదైనది, ఇంత చిన్న దూరంలో పెద్దగా పాడవ్వదు. 800 బై 600 దాటే మెషీన్లుంటే మాత్రం డబ్బు పెట్టి, లోపల ఆంప్లిఫయర్ ఉన్న ఎలక్ట్రానిక్ బాక్సు తీసుకోండి. పాత స్టూడియోలు, కాన్ఫరెన్స్ హాళ్లు ఖాళీ చేసినప్పుడు ఎక్‌స్ట్రాన్, క్రేమర్ కంపెనీల స్విచర్లు బయటికొస్తుంటాయి, బరువైనవి, రాక్‌లో బిగించేవి, కేబుళ్లన్నీ తిప్పి బిగించే ప్లగ్గులవి, బీఎన్‌సీ. దొరికితే వదలకండి.

కొంతమంది స్విచ్ ఎందుకు దండగ, రెండు కేబుళ్లని వై ఆకారంలో కలిపేస్తే పోలా, ఒకటి ఆఫ్ చేసుకుంటాం కదా అంటారు. వద్దు. ఆఫ్ చేసిన మెషీన్ కూడా ఆ వైరు మీద బరువే, బొమ్మ మసకబారుతుంది, ఆన్‌లో ఉన్నదాని సిగ్నల్ ఆఫ్‌లో ఉన్నదాని చిప్‌లోకి దూరుతుంది.

సరే, ఇప్పుడు మన ఇళ్ల సంగతి. ఎర్త్. బయటి దేశాలవాళ్ల వీడియోల్లో ఇది ఎక్కువగా చెప్పరు, వాళ్లకి అవసరం తక్కువ. మన దగ్గర మూడు కన్నాల సాకెట్ ఉంటుంది, చాలా ఇళ్లలో పైకన్నం వెనక ఎర్త్ వైరుండదు. పీసీ పవర్ సప్లైలో కరెంటు వైర్లకీ చాసిస్‌కీ మధ్య నాయిస్ పోగొట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే అవి ఆ కొద్ది లీకేజీని భూమిలోకి పంపేస్తాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మొత్తం కరెంటులో సగం వోల్టేజ్ దగ్గర తేలుతూ ఉంటుంది, అంటే వంద వోల్టుల పైమాటే. టెస్టర్ పెట్టి చూడండి, వెలుగుతుంది. చెయ్యి పెడితే చిన్న చురుకు. ఆ కరెంటు చాలా తక్కువ, మనిషికి మామూలుగా ఏమీ కాదు, పాత వీడియో చిప్‌కి మాత్రం అది చాలు.

ఇప్పుడు స్విచ్ బాక్సు చేసే పని ఏంటి? అన్ని మెషీన్ల గ్రౌండునీ ఒకచోట కలపడం. చాలా బాక్సుల్లో నాబ్ ఎటు తిప్పినా గ్రౌండు మాత్రం అన్నిటికీ ఉమ్మడే. అంటే మీ డాస్ పీసీ చాసిస్ మీద తేలుతున్న వోల్టేజ్, ఆఫ్‌లో ఉన్న కమడోర్‌కి కూడా చేరుతుంది. అందులోనూ ఆర్‌సీఏ ప్లగ్గు, అదే పసుపు, తెలుపు, ఎరుపు జాక్ ఉంది చూశారా, దాన్ని జాగ్రత్తగా గమనించండి: మధ్యలో పుల్ల పొడుగ్గా ముందుకొచ్చి ఉంటుంది, చుట్టూ రింగు వెనక్కి ఉంటుంది. గుచ్చేటప్పుడు ముందు తగిలేది సిగ్నల్ పుల్ల, గ్రౌండు తర్వాత. ఆ మధ్యలో ఉన్న క్షణంలో తేలుతున్న వోల్టేజంతా వీడియో చిప్ గుండానే దిగుతుంది. వీజీఏ ప్లగ్గులో ఈ భయం తక్కువ, రేకు అంచు ముందు తగులుతుంది. అందుకే నేను మొండిగా చెప్పేది: ఆర్‌సీఏలు, గుండ్రటి డిన్ ప్లగ్గులు మెషీన్ ఆన్‌లో ఉండగా పీకొద్దు, పెట్టొద్దు. అసలు స్విచ్ బాక్సుతో పెద్ద లాభమే ఇది, ఒకసారి అన్నీ ఆఫ్ చేసి బిగించేస్తే ఇక ప్లగ్గు ముట్టుకోనక్కర్లేదు. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, ఆ బోర్డుకి ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. బొమ్మ మీద కింది నుంచి పైకి మెల్లగా పాకే అడ్డపట్టీ కనిపిస్తుంటే, ఒకదాని ఎర్త్ ఒక గదిలో, ఇంకోదానిది ఇంకో గదిలో ఉందేమో ముందు అది చూడండి. దానికి విరుగుడుగా పీసీ ఎర్త్ పిన్ను విరిచేయమని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకండి.

మరి 15 కిలోహెర్ట్జ్, 31 కిలోహెర్ట్జ్ రెండూ ఉన్నాయి, మానిటర్ మాత్రం ఒకటే కావాలి, ఎలా? దారులు రెండు. ఒకటి, రెండూ తీసుకునే మానిటర్ వెతుక్కోవడం. ఎన్‌ఈసీ మల్టీసింక్‌లు 1980ల్లో వచ్చినవే ఇందుకు, 3డీ అనే మోడల్ 15.5 నుంచి 38 దాకా తీసుకునేది, అంటే ఇందాక చెప్పుకున్న ఎస్‌టీ మోనో కూడా వచ్చేస్తుంది. ఇప్పుడు పని చేసేది దొరకడం కష్టం. ఎల్‌సీడీల్లో బెంక్యూ బీఎల్702ఏ వీజీఏ సాకెట్లోంచే 15 కిలోహెర్ట్జ్ తీసుకుంటుందని పేరు. రెండో దారి కన్వర్టర్. జీబీఎస్ 8200 అనే చైనా బోర్డు, దానికి ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై చిప్పు తగిలించి జీబీఎస్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే మనిషి మారిపోయినట్టు మారిపోతుంది. ఓఎస్‌ఎస్‌సీ అనే ఇంకో కన్వర్టర్ ఉంది, ఖరీదు ఎక్కువ, బొమ్మ ఆలస్యం దాదాపు ఉండదు. బీబీసీ మైక్రో కోసం మొదలై సీజీఏ, మోనో కార్డుల దాకా పాకిన ఆర్‌జీబీ టూ హెచ్‌డీఎంఐ ఉంది, రాస్‌ప్బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ మీద నడుస్తుంది. నేనైతే 15 కిలోహెర్ట్జ్ మెషీన్లన్నిటికీ ఒక బాక్సు, ఆ బాక్సు తర్వాత ఒకే కన్వర్టర్, అక్కడి నుంచి మానిటర్‌కి వెళ్లమంటాను. మెషీన్‌కో కన్వర్టర్ అనవసరం. 31 కిలోహెర్ట్జ్‌వి నేరుగా మానిటర్ రెండో సాకెట్‌కి. డెల్ 2007ఎఫ్‌పీ లాంటి పాత 4:3 మానిటర్‌కి వెనక వీజీఏ, డీవీఐ, ఎస్ వీడియో (వెలుగూ రంగూ విడి వైర్లలో), కాంపోజిట్ (రెండూ కలిసి ఒకే వైర్లో) నాలుగూ ఉంటాయి, సగం స్విచింగ్ మానిటర్ బటనే చేసేస్తుంది. కమడోర్ ఎస్ వీడియోకి, ఆపిల్ టూ కాంపోజిట్‌కి. ఆపిల్‌ని కాంపోజిట్‌లోనే ఉంచండి, అమెరికా మోడల్లో రంగులు పుట్టేదే ఆ సిగ్నల్లో, విడిగా తీసుకోవడానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్‌జీబీ) వైర్లే లేవు.

ఒక్క జాగ్రత్త. బీబీసీ మైక్రో, సీజీఏ కార్డు ఇచ్చేది 5 వోల్టుల డిజిటల్ సిగ్నల్, ఉందా లేదా అంతే. అమిగా ఇచ్చేది 0.7 వోల్టుల అనలాగ్. రెండింటినీ ఒకే బాక్సులోంచి ఒకే కన్వర్టర్‌కి పంపాలంటే, బీబీసీ కేబుల్లో రంగుకొక రెసిస్టర్, సుమారు 330 ఓమ్‌లు, పెట్టి వోల్టేజ్ దించాలి. బీబీసీ మైక్రోలు మన దేశంలో చాలా బడుల్లోకి వచ్చాయి, 1984లో బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి మొదలైన 'క్లాస్' అనే ప్రాజెక్టులో, అందుకని మీలో ఎవరి దగ్గరైనా బడి స్టోర్ రూమ్ నుంచి బయటపడ్డది ఉండొచ్చు, చెబుతున్నా. సీజీఏకైతే రెసిస్టర్లు చాలవు, నాలుగో వైరు ఒకటుంటుంది, వెలుగు కోసం. దాన్ని పట్టించుకోకపోతే 16 రంగులు 8 అవుతాయి. అదీకాక ముదురు పసుపు రావాల్సిన చోట గోధుమరంగు రావడం ఐబీఎం కలర్ మానిటర్ లోపల చేసిన చిన్న కిటుకు, కార్డు పంపేది పసుపే. దానికి ఆర్‌జీబీ టూ హెచ్‌డీఎంఐ లాంటి వాటినే నమ్ముకోండి.

(ప్రేక్షకుల్లోంచి: మానిటర్‌తో పాటు కీబోర్డు, మౌస్ కూడా కలిపి మార్చే కేవీఎం బాక్సు పెట్టుకోవచ్చా?)

హోమ్ కంప్యూటర్లకి అవసరమే లేదండీ, కీబోర్డు ఒంట్లోనే ఉంది. డాస్ పీసీలకైతే పెట్టుకోవచ్చు కానీ నాబ్ తిప్పే రకం వద్దు. పీసీ ఆన్ అయ్యేటప్పుడు కీబోర్డు కోసం వెతుకుతుంది, నాబ్ వేరే వైపు ఉంటే కీబోర్డ్ ఎర్రర్ అని ఆగిపోతుంది. పీఎస్ టూ మౌస్ ఒకసారి కనెక్షన్ పోయి వచ్చిందంటే నోరు మూసుకుని కూర్చుంటుంది, డ్రైవర్ మళ్లీ లేపాలి. ఎలక్ట్రానిక్ కేవీఎం అయితే కనెక్షన్ ఉన్నట్టే నటిస్తుంది, అదే తీసుకోండి. ఎక్స్‌టీ కీబోర్డు భాష వేరు, దాన్ని ఇందులో కలపకండి.

(ప్రేక్షకుల్లోంచి: రెండు పీసీలకీ ఒకే మోడ్, కానీ బాక్సు తిప్పినప్పుడల్లా బొమ్మ పక్కకి జరిగిపోతోంది.)

మానిటర్ గుర్తుపెట్టుకునేది పీసీని కాదు, ఫ్రీక్వెన్సీని. రెండు పీసీలూ ఒకే ఫ్రీక్వెన్సీ పంపితే దాని దృష్టిలో అవి ఒకటే, రెండు వీడియో కార్డుల మధ్య ఉన్న కొద్దిపాటి తేడాని అది విడివిడిగా దాచుకోదు. తిప్పినప్పుడల్లా ఆటో బటన్ నొక్కడమే, లేదా ఒక పీసీలో రిఫ్రెష్ రేటు మార్చుకునే వీలుంటే కాస్త మార్చేయండి, వేరే మోడ్ అనుకుని విడిగా గుర్తుపెట్టుకుంటుంది.

(ప్రేక్షకుల్లోంచి: అమిగాకి 23 పిన్నుల ప్లగ్గు ఎక్కడా దొరకడం లేదు.)

కోఠీ గుజరాతీ గల్లీలో 25 పిన్నుల ప్లగ్గు అడగండి, చివర రెండు పిన్నులు కోసేసి అంచు ఆకురాయితో అరగదీస్తే కూర్చుంటుంది, చాలామంది చేసేది అదే. ఏ చివర కోస్తున్నారో పిన్ నంబర్లు చూసుకుని కోయండి, పైవరుసలో ఒకటి, కిందివరుసలో ఒకటి పోతాయి. సోల్డర్ చేశాక మెషీన్‌కి పెట్టేముందు మీటర్‌తో పక్కపక్క పిన్నులు కలిశాయేమో ఒక్కొక్కటీ చూడండి, ఆ సాకెట్లో 5 వోల్టులు, 12 వోల్టులు కూడా వస్తాయి, వాటిలో ఒకటి రంగు పిన్నుకి తగిలిందంటే బాక్సు గురించి కాదు, మదర్‌బోర్డు గురించి మాట్లాడుకోవాల్సొస్తుంది.